ఈసీఆర్‌లో ఆదివారం రేసులు: ట్రాక్ దొరక్కనా, బుద్ధి లేకనా?

కావలి_కారబ్బాయి
మొన్న ఆదివారం పొద్దున ఆరున్నరకు చెన్నై నుంచి సముద్రం పక్కగా పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డులో, అదే ఈసీఆర్‌లో మహాబలిపురం వైపు వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, వెనక సీట్లో ఆరేళ్ల పాప. కోవళం దాటాక అద్దంలో తెల్లటి లైట్లు కనిపించాయి. రెప్ప వేసేలోపు నాలుగు కార్లు మీదికొచ్చేశాయి. రెండు కుడివైపు నుంచి పోయాయి. ఒకటి నా బంపర్‌కు అతుక్కుని హై బీమ్ కొడుతోంది. నాలుగోది ఎడమవైపు మట్టిలోకి దిగి దూసుకెళ్లింది. ఆ మట్టి అంచునే టీవీఎస్ ఎక్సెల్ మీద చేపల బుట్ట కట్టుకుని ఒక పెద్దాయన వెళ్తున్నాడు. కారు అద్దానికీ ఆయన హ్యాండిల్‌కూ మధ్య జానెడు సందు కూడా లేదు. బండి ఊగిపోయింది, రెండు కాళ్లూ నేలకేసి ఆపుకున్నాడు. బుట్ట ఒరిగి ఐసు నీళ్లు తారు మీద పారాయి.

నేను బండి పక్కన పెట్టి దిగాను. పెద్దాయన చేతులు వణుకుతున్నాయి. తిట్టను కూడా తిట్టలేదు, 'ప్రతి ఆదివారం ఇంతే సార్' అన్నాడు తమిళంలో. మళ్లీ కారెక్కాక పాప అడిగింది: 'నాన్నా, నువ్వు టీవీలో చూసే రేసు ఇదేనా?'

నాకు కార్లంటే పిచ్చి. 2005లో నరేన్ కార్తికేయన్ ఫార్ములా 1 రేసుల్లో జోర్డాన్ జట్టు కారెక్కినప్పుడు కావలిలో పదో తరగతి చదువుతూ పక్కింటి టీవీ ముందు కూర్చున్నవాణ్ని. ఇరవై ఏళ్లుగా నేను ప్రేమించిన దాన్ని నా కూతురు ఆ నాలుగు కార్లతో కలిపి చూసింది. కోపం కన్నా సిగ్గు ఎక్కువైంది.

అడగదలుచుకున్నది ఇదే. వీళ్లు ట్రాక్ దొరక్క రోడ్డెక్కుతున్నారా, ట్రాక్ ఇచ్చినా రోడ్డే కావాలంటారా? నా మాట ముందే చెప్తాను. కారంటే నిజమైన ప్రేమ ఉన్నవాడు రోడ్డు మీద వేగం చూపించడు. కాదనేవాళ్లు కాదనండి, వింటాను.

డీజిల్_దాసు
వాళ్లని నేనూ చూశాను. ఉత్తండి టోల్ దాటాక మొదలెడతారు. ఒక నీలం కారు సైలెన్సర్ శబ్దానికి మా అపార్ట్‌మెంట్ కిటికీలు అదురుతాయి.

టర్బో_తమ్ముడు
అందరినీ ఒకే గాటన కట్టేయకండి అన్నా. నేనూ ఆదివారం వెళ్తాను. అయిదుకు బయల్దేరి ఏడున్నరకల్లా ఇంట్లో ఉంటాం. ఆ టైంలో రోడ్డు ఖాళీ. ఎడమ మట్టిలోకి దిగినవాడు తప్పు చేశాడు, ఒప్పుకుంటా. కానీ నాలుగు లైన్ల రోడ్డు, మంచి కారు, చేతిలో కంట్రోల్ ఉంటే 130 పెద్ద విషయం కాదు. బండి కొన్నప్పుడు లక్షల్లో రోడ్డు పన్ను కట్టించుకున్నారు. రేసు ట్రాక్ మీద మామూలు కార్లను తోలనిచ్చే ట్రాక్ డే ఎప్పుడో ఒకసారి పెడతారు, ఆ ఫీజు, టైర్లు, లీవు అన్నీ కలిపితే నెల జీతంలో సగం. మరి మేం ఎక్కడ తోలాలి?

పెరంబూరు_పద్మ
ఖాళీ అని ఎవరు చెప్పారు బాబూ? పాలవాళ్లు, చేపలవాళ్లు, పూల మూటలతో వచ్చే ఆడవాళ్లు, నడకకు వచ్చే ముసలివాళ్లు తిరిగేదే ఆ టైంలో. మీ కంటికి కార్లు లేకపోతే రోడ్డు ఖాళీ అనిపిస్తుంది.

డీజిల్_దాసు
పద్మ గారి మాటకు నా రెండు చేతులూ.

పుదుపేట_పానా
తమ్ముడూ, 130 పెద్ద విషయమో కాదో నేను చెప్తా. ఇరవై రెండేళ్లుగా కార్ల కిందే పడుకుంటున్నా.

వంద వేగంలో కారు సెకనుకు 28 మీటర్లు పోతుంది. 130లో 36. ఎక్సెల్ పెద్దాయన కుడికి తిరుగుతున్నాడని కన్ను చూసి, కాలు బ్రేకు మీదికి వచ్చేలోపే సెకను గడిచిపోతుంది. అంటే బ్రేకు పడకముందే 36 మీటర్లు అయిపోయాయి. ఆ తర్వాత ఆగే దూరం వేగంతో పాటు పెరగదు, వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. 60లో ఎంత దూరంలో ఆగుతావో 120లో దానికి నాలుగింతలు కావాలి. కంట్రోల్ నీ చేతిలో ఉంది సరే, ఆ దూరం నీ చేతిలో లేదు.

ఇంకోటి. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లు ఎగ్జాస్ట్‌కు నలభై వేలు పెడతారు, బ్రేక్ ఆయిల్ మార్చమంటే 'ఈసారి చూద్దాం అన్నా' అంటారు. ఆ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 రకం ఆయిల్ అయితే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. నీరు పట్టిందంటే 155 దగ్గరే మరగొచ్చు. మన చెన్నై తేమలో రెండేళ్లకు మించి ఉంచకూడదు. వేగంలో నాలుగుసార్లు గట్టిగా బ్రేకు కొడితే ఆ వేడికి లోపల బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా నేలకు తగులుతుంది. అలా తగిలిన రోజు దేవుడు గుర్తొస్తాడు, మెకానిక్ గుర్తొస్తాడు, అప్పటికి గోడ దగ్గరికొచ్చేసి ఉంటుంది.

స్ప్రింగులు కోయించుకుని కారు కిందికి దింపేవాళ్ల గురించి వేరే రాస్తా. బీపీ పెరుగుతోంది.

టర్బో_తమ్ముడు
పానా అన్నా, నా కారుకు మంచి ప్యాడ్లు వేయించా, ఆయిల్ కూడా పోయినేడే మార్చా. నేను వాళ్లలా కాదు.

పుదుపేట_పానా
సంతోషం. ప్యాడ్ చక్రాన్ని ఆపుతుంది, కారును ఆపేది టైరు. టైరు పక్క గోడ మీద గుండ్రటి గడిలో నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. కిందికి వెళ్లి చూసి ఇక్కడ రాయి.

హోసూరు_రోడ్డు
బెంగళూరు నుంచి చదువుతున్నా. మాకు సిల్క్ బోర్డు దగ్గర 40 అందితే ఇంట్లో పాయసం వండుకుంటాం, 130 మాట వింటుంటే వేరే దేశం కథలా ఉంది. కానీ పొద్దున్నే నంది కొండల దారిలో ఇదే గోల. మలుపు మలుపుకూ మోకాలు ఆనించాలని బైకులవాళ్లు. ఆ మలుపు అవతల గొర్రెల మంద ఉందో, రాగులు ఆరబోశారో ఎవరికీ తెలియదు.

షోలవరం_సాక్షి
మాది సూళ్లూరుపేట. వయసు అరవై దాటింది. ఈ చర్చలో నాకొక మాట చెప్పాలని ఉంది, కొంచెం పొడుగవుతుంది.

రెడ్‌హిల్స్ దాటాక షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఉండేది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు అక్కడే రేసులు పెట్టేవాళ్లు. మా నాన్న లారీ ఆఫీసులో గుమస్తా. రేసు రోజున తెల్లారకముందే పులిహోర మూట కట్టించుకుని నన్ను బస్సెక్కించేవాడు. నీడ అనేది లేదు. తల మీద తడి తువ్వాలు. ఫియట్లు, హెరాల్డులు, పైకప్పు లేని ఒంటి సీటు కార్లు, జావాలు, బుల్లెట్లు. రన్‌వే కాంక్రీటు పలకల మధ్య అతుకుల మీద కారు ఎగిరినప్పుడల్లా టక్ టక్ మని చప్పుడు వచ్చేది. ఆ లయ నాకు ఇప్పటికీ గుర్తే. కాలిన ఆముదం వాసన వచ్చేది, కొందరు రేసు ఇంజన్లలో ఆముదం కలిసిన ఆయిలే పోసేవాళ్లు.

ఒక ఏడాది, నాకు పదమూడో పద్నాలుగో, ఒక ఫియట్ డ్రైవరు మూడు ల్యాపులు ముందుండి కూడా తనంతట తానే ఆగిపోయాడు. జనం ఈలలు వేశారు. మా నాన్న నన్ను కంచె దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ డ్రైవరు బానెట్ ఎత్తి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ పక్కవాడితో అంటున్నాడు: చక్రం దగ్గర ఏదో వదులైనట్టు స్టీరింగ్‌లో తెలిసింది, అందుకే ఆపేశానని. గెలిచే రేసు వదిలేసుకున్నాడు. తిరిగి వస్తూ బస్సులో మా నాన్న 'బండి చెప్పేది విన్నాడు చూడు' అన్నాడు. నేను నలభై ఏళ్లు కారు నడిపాను, ఆ మాట ప్రతిరోజూ పనికొచ్చింది.

కారబ్బాయి మాట నిజమే. రేసు చూసి పెరిగినవాడికి రోడ్డు మీద భయం ఎక్కువ ఉంటుంది, తక్కువ కాదు.

ఎల్_బోర్డు
షోలవరం బాబాయ్, ఇది చదివి బస్సులో ఏడ్చేశాను. ఇంకా రాయండి.

కావలి_కారబ్బాయి
బాబాయ్, మీ ఫియట్ డ్రైవరు సంగతి చదివాక 2005లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో జరిగిన ఫార్ములా 1 రేసు గుర్తొచ్చింది. నరేన్ నాలుగో స్థానంలో వచ్చి 5 పాయింట్లు తెచ్చుకున్న రేసు. ఆ రోజు పరుగెత్తినవి ఆరే కార్లు. మిషెలిన్ టైర్లు ఆ వాలు మలుపును తట్టుకోలేవని తేలింది. పద్నాలుగు కార్లు రేసు మొదలయ్యే ముందు వేసే ఫార్మేషన్ ల్యాప్ మాత్రం తిరిగి నేరుగా గ్యారేజీలోకి వెళ్లిపోయాయి. ప్రపంచంలో అందరికన్నా వేగంగా నడిపేవాళ్లు, టైరు మీద నమ్మకం లేదని లక్షమంది ముందు రేసే మానేశారు. చిన్నప్పుడు నాకది నిరాశగా అనిపించింది. ఇప్పుడు నా కూతురికి చెప్పదగ్గ రేసు అదే అనిపిస్తోంది.

టర్బో_తమ్ముడు
చూశా. ముందు రెండూ 3522. వెనక రెండూ 1218.

పుదుపేట_పానా
అంటే వెనకవి 2018 మార్చిలో పుట్టాయి. ఆ టైరు గీతల్లో చిన్న చిన్న పగుళ్లు కనిపిస్తున్నాయా?

టర్బో_తమ్ముడు
కనిపిస్తున్నాయి.

పుదుపేట_పానా
రేపే మార్పించు. నా దగ్గరికే రానక్కర్లేదు, ఎక్కడైనా సరే. మార్చేదాకా ఎనభై దాటకు. వానలో వెనక టైరు జారిందంటే ఏ కంట్రోలూ పనిచేయదు.

నైట్‌షిఫ్ట్_నర్సు
నేను ఇక్కడొక ఎమర్జెన్సీ విభాగంలో పదకొండేళ్లుగా చేస్తున్నా. శనివారం రాత్రి, ఆదివారం పొద్దున మాకు సిబ్బంది ఎక్కువ కావాలి. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

కేంద్ర రవాణా శాఖ లెక్కలో 2022లో దేశంలో రోడ్ల మీద పోయినవాళ్లు 1,68,491 మంది. అందులో 71 శాతం అతివేగం ఖాతాలోనే ఉంది. ప్రమాదాల సంఖ్యలో మొదటి స్థానం మన తమిళనాడుదే, 64,105. పోయినవాళ్లలో నూటికి నలభై నాలుగు మందికి పైగా టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్లు. చాలాసార్లు వేగం ఒకరిది, ప్రాణం ఇంకొకరిది.

అందరూ తెలుసుకోవాల్సిన రెండు సంగతులు. తమిళనాడులో 2021 డిసెంబర్ నుంచి 'నమ్మై కాక్కుం 48' పథకం ఉంది. ప్రమాదం జరిగిన మొదటి 48 గంటల వైద్యానికి ఆ పథకంలో చేరిన ఆసుపత్రుల్లో డబ్బు అడగరు. ఏ రాష్ట్రంవాళ్లైనా సరే, నెల్లూరు రిజిస్ట్రేషన్ బండైనా సరే. రెండోది, దెబ్బ తగిలినవాణ్ని తీసుకొచ్చినవాళ్లని పోలీసులు వేధించకూడదు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 134ఏ సెక్షన్ అదే. పేరు చెప్పడం మీ ఇష్టం. దయచేసి ఆగండి, తీసుకురండి. కేసు నెత్తిన పడుతుందని భయపడి జనం చుట్టూ నిలబడి చూసిన ప్రతిసారీ మా చేతికి ఆలస్యంగా వస్తున్నారు.

రెడ్‌హిల్స్_రవాణా
నర్సమ్మా, దండం. మావి ఆరు బండ్లు, చెన్నై నుంచి విజయవాడ తిరుగుతాయి. ఈ 134ఏ సంగతి కాగితం మీద పెద్దక్షరాల్లో రాయించి ప్రతి క్యాబిన్‌లో అంటిస్తాను.

జీఎన్‌టీ రోడ్డులో, అంటే చెన్నై నుంచి నెల్లూరు మీదుగా పోయే హైవేలో, మా డ్రైవర్ల ఏడుపు వేరే. తడ దాటాక రాత్రిపూట ఎదురుగా వచ్చే కార్ల తెల్ల లైట్లకు కళ్లు బైర్లు కమ్ముతాయి. ఆ వెలుగులోంచి బయటపడేసరికి ముందు టెయిల్ లైటు లేకుండా ఆపేసిన ట్రాక్టరు ఉంటుంది. నెల్లూరు చేరేలోపే నాలుగు చోట్ల టోల్ కడతాం, నల్లూరు, సూళ్లూరుపేట, బూదనం, వెంకటాచలం. ఇంత కట్టి కూడా వెలుతురు ఉన్న చోట ఆగడానికి స్థలం వెతుక్కోవాలి.

పుదుపేట_పానా
ఆ తెల్ల లైట్ల రహస్యం నేను చెప్తా. హాలోజన్ బల్బు కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో చవక ఎల్ఈడీ బల్బు పెడతారు. వెలుగు పుట్టే చోటు మారిపోతుంది, దాంతో కాంతి రోడ్డు మీద పడకుండా ఎదుటివాడి కళ్లలోకి చిమ్ముతుంది. నడిపేవాడికి ఎక్కువ కనిపిస్తున్నట్టు ఉంటుంది, అంతే. నేను ఆ పని చేయను. జీపీ రోడ్డులో అడిగితే పది నిమిషాల్లో వేసిస్తారు.

డీజిల్_దాసు
పబ్లిక్ రోడ్డు మీద రేసులకు చట్టంలో 189 సెక్షన్ వేరే ఉంది. మొదటిసారి 5,000 దాకా జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. రెండోసారి 10,000, ఏడాది. ఆ నీలం కారు ఎగ్జాస్ట్ ఖరీదులో ఇది ఎన్నో వంతు? ఆదివారం పొద్దున ఉత్తండి దగ్గర రెండు జీపులు నిలబడితే చాలు.

పెరంబూరు_పద్మ
జీపులు నిలబడవు. ఎందుకంటే మన నాయకులకు కూడా వేగమంటే ముద్దు. 2017 మేలో ఎర్ర బుగ్గలు తీసేశారు, సైరన్ మోత మాత్రం పోలేదు. అంబులెన్సుకు దారివ్వనివాళ్లు కాన్వాయ్‌కి పక్కకు జరుగుతారు.

అదీ కాక, ప్రభుత్వమే చెన్నై నడిబొడ్డున ఐలాండ్ గ్రౌండ్స్ మైదానం చుట్టూ రోడ్లు మూసి రాత్రి రేసు పెట్టింది. 2023 డిసెంబర్‌లో పెడతామన్నారు, మిగ్‌జాం తుపానుకు ఊరు మునిగి వాయిదా పడింది. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1న జరిపేశారు. మూడున్నర కిలోమీటర్ల దారికి కాంక్రీటు గోడలు, కంచెలు, దీపాలు. ఆ వారమంతా మా అబ్బాయి బస్సు ఇంటికి గంటన్నర ఆలస్యం. మా వీధిలో వాన పడితే మోకాలి లోతు నీళ్లు. ముందు కాలవ తవ్వండి, తర్వాత రేసు పెట్టండి అని అడిగితే తప్పా?

టర్బో_తమ్ముడు
తప్పు కాదు ఆంటీ, కానీ ఆ రేసు చూడ్డానికి నేను వెళ్లాను. మౌంట్ రోడ్డు పక్కన, నేను రోజూ సిగ్నల్‌లో ఆగే చోట, ఫార్ములా 4 కారు వెళ్తుంటే ఒళ్లు జలదరించింది. సింగపూర్‌కో అబుదాబీకో టికెట్ కొనలేనివాళ్లు వేలమంది చూశారు. ఊరికి ఒక పండగ ఉండకూడదా?

ఎల్_బోర్డు
నేనూ వెళ్లాను. అక్కడ జరిగిన ఇండియన్ రేసింగ్ లీగ్‌లో ప్రతి జట్టుకూ ఒక మహిళా డ్రైవరు ఉండాలి. మా అమ్మ పక్కన కూర్చుని 'ఆ హెల్మెట్‌లో ఉన్నది ఆడపిల్లా' అని మూడుసార్లు అడిగింది. రెండు వారాల తర్వాత డ్రైవింగ్ స్కూల్లో చేరతానంటే కాదనలేదు. ఆ మాట పక్కన పెట్టి రేసు వృథా అనలేను.

హోసూరు_రోడ్డు
హైదరాబాద్‌లో కూడా ఇదే కథ. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగింది, ఫ్రెంచ్ డ్రైవరు వెర్న్యే గెలిచాడు. మా బావమరిది ఇంట్లో దిగి చూశాను. మరుసటి ఏడాది రేసు రద్దయింది. అంతకు ముందు గ్రేటర్ నోయిడా. 2011, 12, 13 మూడేళ్లు ఫార్ములా 1, మూడూ వెటెలే గెలిచాడు, తర్వాత పన్నుల పంచాయతీలో ఆగిపోయింది. ఒక్కో ప్రభుత్వానికి ఒక్కో ముచ్చట. పండగ పెట్టేవాళ్లున్నారు, పది రూపాయలకు బడి పెట్టేవాళ్లు లేరు. రేసింగ్‌కు కావాల్సింది బడి.

పెరంబూరు_పద్మ
ఎల్_బోర్డు, నీ మాట బాగుంది తల్లీ, మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పు. కాలవ సంగతి మాత్రం వదలను.

కొత్తబండి_కోటి
మధ్యలో ఒక డౌట్. ఈ20 పెట్రోలు పోస్తే మైలేజీ పడిపోతోంది, నాకొక్కడికేనా?

పుదుపేట_పానా
ఇథనాల్‌లో శక్తి పెట్రోలుకన్నా మూడో వంతు తక్కువ. ఇరవై శాతం కలిపితే మొత్తం మీద ఆరేడు శాతం శక్తి తగ్గినట్టే. పాత బండైతే రబ్బరు పైపులు కూడా చూపించుకో.

నిర్వాహకుడు
ఈ20కి వేరే చర్చ నడుస్తోంది, అక్కడ రాయండి. ఇక్కడ కోటి గారి మైలేజీ మొదలైతే నలభై పేజీలు పోతుంది.

పచ్చజెండా
నిన్నటి నుంచి చదువుతున్నా. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో ఎనిమిదేళ్లుగా వలంటీర్ మార్షల్‌ని. రేసులప్పుడు మలుపుల దగ్గర జెండాలు పట్టుకుని నిలబడే పని, జీతం లేదు. భోజనం పెడతారు, ఎండ దండిగా ఉంటుంది.

హోసూరు_రోడ్డు బడి అన్నారు కదా, ఆ బడి ఉంది. 1990 నుంచి ఉంది. బెంగళూరు హైవేలో, శ్రీపెరంబుదూరుకు ముందు. బాబాయ్ చెప్పిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ సొంత స్థలంలో కట్టింది, 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. నరేన్ మొదటి అడుగులు వేసింది అక్కడే, ఎస్. కరివర్ధన్ మారుతి 800 ఇంజన్ పెట్టి చవకగా తయారుచేసిన ఫార్ములా మారుతి కారులో. కరుణ్ చాందోక్‌ది మన చెన్నైయే, 2010లో ఫార్ములా 1కి వెళ్లాడు. సికింద్రాబాద్‌లో పుట్టిన అజిత్ సినిమాలు ఆపుకుని మరీ రేసులకు వెళ్లాడు, 2025 జనవరిలో దుబాయ్ 24 గంటల రేసులో ఆయన టీం తన తరగతిలో మూడోది.

వేగం అక్కడ ఎలా ఉంటుందో చెప్తాను. పొద్దున నాలుగున్నరకు లేస్తాం. ఆరెంజ్ డ్రెస్సు. నాకిచ్చిన మలుపు దగ్గర రేడియో, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, చీపుర్లు, ఒక గోతం నిండా ఆయిల్ పీల్చే పొడి, జెండాలు. పసుపు ఊపితే ముందు ప్రమాదం ఉందని, ఎవరూ ఎవర్నీ దాటకూడదు. నీలం అంటే వెనక వేగమైనవాడు వస్తున్నాడు, దారివ్వు. ఎరుపు అంటే అంతా ఆగింది. పోయిన సీజన్‌లో ఒక కారు నా ముందే ఆయిల్ కార్చింది. ఎండలో ఆ చార కనిపించనే కనిపించదు, పక్కకి వంగి చూస్తే సన్నగా మెరుస్తుంది. పసుపు ఎర్ర గీతల జెండా తీశాను. వెనక వస్తున్న పద్దెనిమిదేళ్ల కుర్రాడు, అప్పటికి రెండో స్థానంలో ఉన్నవాడు, ఆ జెండా చూడగానే కాలు తీసేశాడు. నాకు హెల్మెట్ అద్దంలోంచి వాడి కళ్లు కూడా కనిపించాయి. ఆ మలుపులో గోడ తగలకుండా బయటపడ్డాడు. సాయంత్రం వచ్చి 'అన్నా, థ్యాంక్స్' అని చేయి పట్టుకున్నాడు.

ఈసీఆర్‌లో ఎక్సెల్ పెద్దాయన కోసం జెండా ఊపేవాడు ఎవడూ లేడు. అంబులెన్సు ఇంజన్ ఆన్‌లో పెట్టుకుని మలుపు దగ్గర నిలబడి ఉండదు. అందరూ ఒకే వైపు పోరు. తేడా అదే తమ్ముడూ. నీ చేతిలో కంట్రోల్ ఎంతున్నా, ట్రాక్ మీద నిన్ను కాపాడ్డానికి అరవై, డెబ్బైమంది నిలబడి ఉంటారు.

పెరంబూరు_పద్మ
ఒక మాట అడుగుతా, కష్టంగా తీసుకోవద్దు. 2023 ఒక్క ఏడాదిలోనే మీ ట్రాక్ మీద రెండు ప్రాణాలు పోయాయి. రెండోది బెంగళూరు నుంచి వచ్చిన 13 ఏళ్ల పిల్లాడిది. ట్రాక్ క్షేమం అంటే తల్లిగా నాకు నమ్మకం కుదరడం లేదు.

పచ్చజెండా
కష్టంగా తీసుకోను, అడగాల్సిందే. ట్రాక్ క్షేమం అని నేను అనను. ప్రమాదం ఉందని ఒప్పుకుని, దానికి ఏర్పాట్లు చేసుకున్న చోటు అంటాను. ఏర్పాట్లు ఓడిపోయిన రోజులున్నాయి. ఆ పిల్లాడు పోయిన వారాంతం మిగిలిన రేసులన్నీ రద్దు చేశారు. ఆ తర్వాత నెల రోజులు నేను ట్రాక్‌కు వెళ్లలేకపోయాను. చిన్నపిల్లల్ని ఏ వయసులో, ఎంత బండి మీద ఎక్కించాలో మా వాళ్లలోనే ఇప్పటికీ వాదన ఉంది. నా మట్టుకు పదహారు లోపు పెద్ద బైకు వద్దంటాను. మీరన్న మాట వాళ్లకు కూడా చెప్తాను.

నైట్‌షిఫ్ట్_నర్సు
పచ్చజెండా గారూ, ఇంత సూటిగా జవాబు చెప్పినందుకు థ్యాంక్స్.

షోలవరం_సాక్షి
మా రోజుల్లో గడ్డిమోపులే గోడలు. చాలా పోగొట్టుకునే ఇవన్నీ నేర్చుకున్నారు.

టర్బో_తమ్ముడు
రెండు రోజులుగా చదువుతున్నాను, మధ్యలో రాయలేదు. టైర్లు నాలుగూ మార్చాను. నిన్న రాత్రి మా గ్రూపులో కారబ్బాయి అన్న మొదటి పోస్టు పెట్టాను. ఒకడు వెంటనే గ్రూపు వదిలేశాడు. నీలం కారు ఎవరిదో నాకు తెలుసు, వాడికి విడిగా చదివి వినిపించాను. 'ఆ ముసలాయనకు ఏమీ కాలేదు కదా' అన్నాడు మొదట. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మారతాడని నేను హామీ ఇవ్వలేను. నేను మాత్రం ఈసీఆర్‌లో ఇక 80కి మించను.

ఫీజు సంగతి మాత్రం ఇంకా అంటాను. కుర్రాళ్లకు అందేలా నెలకో ఆదివారం ట్రాక్ తెరిస్తే సగంమంది రోడ్డు వదిలేస్తారు.

డీజిల్_దాసు
సగం వదిలితే మిగతా సగానికి జీపు. నా మాట మీదే ఉన్నాను.

కావలి_కారబ్బాయి
తమ్ముడూ, నీకు నేను రుణపడ్డాను. 'నిజమైన ప్రేమ ఉన్నవాడు రోడ్డు మీద వేగం చూపించడు' అన్న నా మాటలో కొంత సరిచేసుకోవాలి. నీకు ప్రేమ లేదని ఎలా అంటాను, ఒక్క మాటకే కిందికి దిగి టైరు అంకెలు చూసి వచ్చినవాడివి. నీకు చెప్పేవాళ్లు లేరు, అంతే. నాకు చెప్పడానికి మా ఊళ్లో ఒక లారీ మేస్త్రి ఉండేవాడు, బాబాయ్‌కి వాళ్ల నాన్న ఉన్నాడు.

ఫీజు గురించి ఒక పని చేద్దాం. మనలో ఎంతమంది ఉన్నామో పేర్లు రాసి, నెలకో చవక ఆదివారం కావాలని క్లబ్‌కు ఉత్తరం పెడదాం. తమిళంలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి నేను రాస్తా. ఉత్తండి దగ్గర ఆదివారం గస్తీ కావాలని పోలీసులకు ఇంకొకటి. దాసు గారూ, అది మీరు రాయండి.

డీజిల్_దాసు
సాయంత్రానికి రాసి ఇక్కడ పెడతా.

రెడ్‌హిల్స్_రవాణా
నా పేరు, మా ఆరుగురు డ్రైవర్ల పేర్లు రెండింటిలోనూ వేసుకోండి.

పెరంబూరు_పద్మ
పోలీసుల ఉత్తరంలో నా పేరు మొదట వేయండి. క్లబ్ ఉత్తరంలో చివర వేయండి, పిల్లల వయసు మాట అందులో చేర్చితేనే.

పచ్చజెండా
చేర్చుతాం పద్మ గారూ. వచ్చే రేసు వారాంతానికి మార్షల్స్ కావాలి, కొత్తవాళ్లకు ముందు రోజు శిక్షణ ఉంటుంది. రావాలనుకున్నవాళ్లు పొద్దున అయిదుకు పూందమల్లి బైపాస్ దగ్గర కలుద్దాం, అక్కడి నుంచి రెండు కార్లలో పోదాం. టర్బో, నువ్వు నా పక్కన నాలుగో మలుపులో.

టర్బో_తమ్ముడు
వస్తా అన్నా. నీలం కారువాణ్ని కూడా లాక్కొస్తా.

ఎల్_బోర్డు
నేనూ. మా అమ్మ కూడా చూడ్డానికి వస్తానంటోంది.

కావలి_కారబ్బాయి
మా పాపను తీసుకురావచ్చా? స్టాండ్‌లో కూర్చుంటాం, ట్రాక్ దగ్గరికి రాము. తను అడిగినదానికి జవాబు అక్కడ చూపిద్దామని.

పచ్చజెండా
తీసుకురండి. చెవులకు మఫ్స్, టోపీ, మజ్జిగ మర్చిపోవద్దు. పదిన్నరకు గాలి ఆగిపోతుంది, నీడ కావాలంటే స్టాండ్‌లో పై మూడు వరుసల్లో కూర్చోండి.